పాలపండ్ల సంరక్షణము

నారుమడి చిన్నది. అందు మొక్క యుండు కాలమును స్వల్పమే. అయినను "ఇది యెట్లును పెఱికివేయునదే కదా" యని ఏ రైతును నారుమడికి నీరు పెట్టక, పురుగు పట్టినను చూడక ఊరకుండడు. నారు చెడినచో నాటు చెడుననియు, నాటు చెడినచో పంట చెడుననియు అతడెఱుగును. కాని యా రైతే తన యింట నాలుగేండ్ల పిల్లవాని దవడపన్ను నల్లబడి గుంటపడినప్పుడు, "పాలపన్నే కదా! నేడో రేపో ఊడిపోవును. దానికి వైద్యమేల?" అని తలచుచుండును. ఈ తలంపు మన పల్లెలలో నంతటను గలదు, చదువుకొన్నవారిలోను గలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 లో ప్రకటించిన నివేదికను బట్టి లోకమున పాలపండ్లు పుచ్చిన పిల్లలు 51 కోట్లకు పైబడి యున్నారు. ఇంతమందికి గలుగు బాధ తప్పింపరానిది కాదు. దానిని ఇంటియొద్దనే చాలవఱకు తప్పించు మార్గములను మన సభ్యులకు తెలుపుటయే ఈ వ్యాసపు ఉద్దేశము.

పాలపండ్లు ఎన్ని? ఎంతకాలముండును?

పాలపండ్లు మొత్తము 20. పైదవడకు పది, క్రిందిదవడకు పది. వీనిలో ముందరి పండ్లు 8, కోరపండ్లు 4, దవడపండ్లు 8. శిశువు తల్లిగర్భమున నుండగానే, సుమారు నాలుగవ మాసమునందే, వీని నిర్మాణము గట్టిపడ నారంభించును. పుట్టిన ఆఱు మాసములకు క్రిందిదవడ నడుమ మొదటి పన్ను కనబడును. కొందఱికి కొంత ముందు, కొందఱికి కొంత వెనుక; దానికై భయపడవలసిన పని లేదు. రెండున్నర, మూడేండ్లు నిండునప్పటికి ఇరువదియు వచ్చును.

ఆఱవ యేట ముందరి పండ్లు కదలి ఊడుట మొదలగును. కాని దవడపండ్లు అప్పుడే ఊడవు. అవి పది మొదలు పన్నెండేండ్ల వయసు వఱకు నోటిలో నుండి పనిచేయవలసినవి. అనగా నాలుగేండ్ల పిల్లవానికి పుచ్చిన దవడపన్ను ఇంకను ఆఱు మొదలు ఎనిమిదేండ్లు నిలువవలసినది. ఏటికి రెండు పంటలు తీయు మాగాణి రైతు దీనిని లెక్కించి చూచుకొనవచ్చును. అది పండ్రెండు మొదలు పదునాఱు పంటల కాలము! "నేడో రేపో ఊడిపోవును" అను మాట ఈ లెక్కయెదుట నిలువదు.

పాలపండ్లు చేయు పనులు

మొదటిది, తిండి నమలుట. పెరుగు వయసున పిల్లవానికి బలమునిచ్చు జొన్నరొట్టె, పప్పు, కూరగాయలు, గ్రుడ్డు, వేరుసెనగ మొదలగునవి నమలి తినవలసినవే. దవడ నొప్పియున్న పిల్లవాడు వీనిని త్రోసిపుచ్చి మెత్తని అన్నము, పాలు, బిస్కత్తులు మాత్రమే కోరును. తల్లి "వీనికి ఆకలి లేదు" అనుకొనును. ఆకలి లేకపోలేదు, నమలలేకున్నాడు. రాత్రి నొప్పిచే నిద్ర చెడును. పగలు బడిలో చదువు సాగదు. ఇట్టి పిల్లలు ఈడుకు తగిన బరువు పెరుగకుండుటయు గలదు.

రెండవది, మాట. త, ద, స వంటి అక్షరములు స్పష్టముగా పలుకుటకు ముందరి పండ్లు తోడ్పడును.

మూడవది, స్థలమును కాపాడుట. ప్రతి పాలపన్నును తన క్రింద తయారగుచున్న స్థిరదంతమునకు చోటు కాచియుంచును. ఇది పొలమునకు గట్టురాయి వంటిది. కాలము రాకముందే దవడపన్నును పీకించినచో, వెనుకనున్న పన్ను మెల్లగా ముందునకు జరిగి ఆ చోటు నాక్రమించును. తరువాత రావలసిన స్థిరదంతము తన చోటు తనకు దొరకక ప్రక్కకు వంగియో, పైకెక్కియో వచ్చును. ఒక్కొక్కప్పుడు రాకుండ ఎముకలోనే నిలిచిపోవును. వంకర పండ్లను సరిచేయుటకు పిమ్మట అగు వ్యయము, తొలుత పుచ్చును పూడ్పించుటకగు వ్యయముకంటె అనేక రెట్లెక్కువ.

నాలుగవది ముఖ్యమైనది. పాలపంటి వేళ్ల నడుమనే స్థిరదంతపు మొలక యున్నది. పుచ్చు వేరువఱకు దిగి చీము పట్టినచో ఆ చీము మొలకను తాకును. అప్పుడు క్రొత్త పన్ను మచ్చలతోను గుంటలతోను పుట్టవచ్చును. కావున పాలపంటి జబ్బు పాలపంటితో పోవునది కాదు.

పన్ను పుచ్చుట యెట్లు?

పంటిలో పురుగు చేరి తొలుచుచున్నదని మనవారు చెప్పుదురు. పొగపట్టి ఆ పురుగును రాల్చెదమని చెప్పి సొమ్ము గుంజువారును గలరు. పంటిలో అట్టి పురుగు లేదు. 1890 లో, బెర్లినులో పనిచేయుచుండిన అమెరికా దంతవైద్యుడు మిల్లరు తన గ్రంథమున దీని నిజమైన కారణమును వివరించెను. మనము ప్రొద్దున లేవగానే పండ్లపై తగులు పాచిలో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలదిగా నుండును. మనము తిన్న తీపిని అవియును తిని ఆమ్లమును, అనగా పులుసును, విడుచును. ఆ పులుసు పంటిపైనున్న పింగాణి పొరలోని సున్నపు పదార్థమును కరగించును. నోటిలో ఊఱు లాలాజలము ఆ పులుసును కడిగి, కరగిన సున్నమును కొంతవఱకు మరల పంటికి చేర్చును. కాని దానికి అరగంటకో గంటకో వ్యవధి కావలెను. ఆ వ్యవధి నీయక మాటిమాటికి తీపి తినుచుండినచో కరగుటయే కాని పూడుట యుండదు. పొలములోని మట్టి ప్రతి వానకు కొంచెము కొంచెముగా కోసికొనిపోయి గండిపడినట్లే పంటికిని గుంటపడును.

పాలపంటి పింగాణి పొర స్థిరదంతపు పొరలో సుమారు సగము మందము గలది. కావున పెద్దవారి పంటిలో ఏండ్ల తరబడి దిగు పుచ్చు పిల్లలలో కొలది మాసములలోనే లోపలి గుజ్జును చేరును. గుజ్జులో నరమున్నది, అప్పుడే నొప్పి పుట్టును. నొప్పి పుట్టువఱకు వేచియుండినవాడు గండి పడిన తరువాత గట్టు వేయబోయిన వానివంటివాడు.

ఈ జబ్బుకు తొలిగుర్తు నలుపు కాదు, తెలుపు. చిగురునకు దగ్గఱగా పంటిపై సుద్దగీసినట్లు తెల్లని మచ్చ కనబడును. ఆ దశలో శ్రద్ధవహించినచో పుచ్చును అక్కడనే నిలుపవచ్చును. నెలకొకసారి పిల్లవానిని వెలుతురులో కూర్చుండబెట్టి పైపెదవి నెత్తి చూచుట ప్రతి తల్లియు చేయదగిన పని. దీనికి ఖర్చు లేదు.

చక్కెర, బెల్లము, పాలసీసా

మనలో చెఱకు పండించువారు పెక్కండ్రు. అనకాపల్లి బెల్లపు సంత దేశమున ప్రసిద్ధమైనది. ఆ ప్రాంతముననే ఏటికొప్పాక గ్రామమున 1933 లో రైతులు సహకారపద్ధతిని చక్కెర కర్మాగారమును స్థాపించుకొనిరి. తీపి మన పంట. దానిని ద్వేషింప నక్కఱలేదు. కాని "చక్కెర చెడ్డది, బెల్లము మంచిది" అను భ్రమ మాత్రము ఉండరాదు. బెల్లములో అధికభాగము చక్కెరయే. పైగా అది పంటికి అంటుకొనును. పంటి విషయమున రెండును ఒక్కటే.

ఎంత తినుచున్నామన్నదానికంటె ఎన్నిమార్లు తినుచున్నామన్నది ముఖ్యము. స్వీడను దేశమున లుండ్ వద్దనున్న మానసిక చికిత్సాలయమున జరిగి 1954 లో ప్రకటింపబడిన పరిశోధన దీనిని స్పష్టపఱచెను. భోజనముతో కలిపి తిన్న తీపివలన పుచ్చు అంతగా పెరుగలేదు. భోజనముల నడుమ తిన్న బంకమిఠాయిల వలన మిక్కిలి పెరిగెను. రోగుల సమ్మతి లేకయే చేసినందున ఆ పరిశోధన పిమ్మట తీవ్రముగా నిందింపబడినది. అయినను అందు తేలిన సత్యము నిలిచియున్నది. కావున పండుగనాడు అరిసెయో, బూరెయో భోజనముతోపాటు పెట్టుడు. ఏడ్చినప్పుడెల్ల చేతిలో చాక్లెట్టు పెట్టుట, అంగడికి పోయినప్పుడెల్ల బిస్కత్తు పొట్లము కొనిపెట్టుట మానుడు.

ఇంతకంటె హానికరమైనది పాలసీసా. చక్కెర కలిపిన పాలు సీసాలో పోసి శిశువు నోటికందించి నిద్రపుచ్చుట నేడు పల్లెలలోను వ్యాపించినది. నిద్రలో లాలాజలము తగ్గును. తీపి పాలు రాత్రియంతయు పండ్లచుట్టు నిలిచియుండును. రెండేండ్లు నిండకముందే పైదవడ ముందరి పండ్లు నాలుగును నల్లబడి విఱిగిపోవుటకు ఇదియే కారణము. క్రింది ముందరి పండ్లను నాలుక కప్పియుండును గనుక అవి చాలవఱకు మిగులును. సీసా నోటిలో నుంచి నిద్రపుచ్చరాదు. ఏడాది నిండిన పిల్లవానికి గిన్నెతోనో గ్లాసుతోనో త్రాగుట నేర్పవలెను. తేనెలో ముంచిన పీకను నోటిలో పెట్టుటయు కూడదు. ఏడాది నిండని శిశువునకు తేనె బొత్తిగా నాకించరాదు. దానివలన ప్రాణాపాయకరమైన విషజ్వాడ్యము కలుగవచ్చును.

పండ్లు వచ్చునప్పటి విరేచనములు

"పండ్లు వచ్చుచున్నవి, అందుకే విరేచనములు" అని చెప్పుట మన ఇండ్లలో పరిపాటి. పన్ను మొలచునప్పుడు చొంగ కాఱుట, చిగురు వాచుట, చేతికందినదెల్ల కొఱుకుట, కొంత చిరాకుపడుట సహజము. కాని తీవ్రజ్వరమును, నీళ్ల విరేచనములును పంటివలన రావు. ఆ వయసు పిల్లలు నేలపై ప్రాకుచు దొరికినదెల్ల నోట పెట్టుకొందురు. మురికివలననే ఆ జబ్బు వచ్చును. పంటిమీద నెపముపెట్టి రెండు దినములు ఊరకుండినందున శరీరమునందలి నీరంతయు పోయి ప్రాణము మీదికి వచ్చిన పసివారు గలరు. విరేచనములు పట్టగానే ఓ.ఆర్.ఎస్. ద్రావణమును కొంచెము కొంచెముగా త్రాగించుచు, తల్లిపాలు మానక ఇచ్చుచు, ఆశా కార్యకర్తకు గాని వైద్యునకు గాని తెలుపవలెను.

శుభ్రపఱచు విధము

పండ్లు రాకముందు తడిసిన మెత్తని గుడ్డతో దినమునకొకసారి చిగుళ్లు తుడువవలెను. మొదటి పన్ను కనబడిననాటినుండి చిన్న మెత్తని బ్రష్షుతో ఉదయమున ఒకసారియు, రాత్రి పరుండబోవుముందు ఒకసారియు తోమవలెను. రెంటిలో రాత్రి తోముటయే ముఖ్యము. తోమిన తరువాత మంచినీరు తప్ప వేఱేమియు ఈయరాదు.

మూడేండ్లలోపు పిల్లలకు ఫ్లోరైడు గల పేస్టు బియ్యపుగింజంత, మూడు మొదలు ఆఱేండ్ల వఱకు బఠాణీగింజంత చాలును. పేస్టు పెట్టెపై పది లక్షల పాళ్లలో సుమారు 1000 పాళ్లు ఫ్లోరైడు గలదని వ్రాసియున్నదో లేదో చూచి కొనవలెను. తోమినపిమ్మట నురుగు నుమియుట నేర్పవలెను; మ్రింగనీయరాదు. ఏడెనిమిదేండ్లు వచ్చువఱకు పిల్లవాని చేయి సరిగా తిరుగదు. వాడు తోముకొన్నను పెద్దవారొకరు మరల తోమవలెను.

వేపపుల్ల పెద్దలకు మంచిదే. కాని పసిపిల్లవాని దవడపండ్ల నడుమకు అది చేరదు, దానియందు ఫ్లోరైడును లేదు. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఇసుక మొదలగు గరుకు వస్తువులు పలుచని పింగాణి పొరను అరగదీయును గనుక పిల్లలకు వాడరాదు. పొగాకు కలిసిన పండ్లపొడి ఎవరికిని తగదు.

మఱొక సంగతి. పుచ్చును కలిగించు సూక్ష్మజీవులు శిశువునకు చాలవఱకు తల్లి నోటినుండియే సంక్రమించును. కావున గర్భిణిగా నున్నప్పుడే తల్లి తన పుచ్చుపండ్లను బాగుచేయించుకొనుట శిశువునకు చేయు మొదటి దంతవైద్యము.

ఫ్లోరైడు: మేలును, కీడును

ఫ్లోరైడు పేరు వినగానే నల్లగొండ, ప్రకాశము జిల్లాల రైతులు ఉలికిపడుట న్యాయమే. మన దేశమున నీటిలోని ఫ్లోరైడువలన కలుగు వ్యాధిని వైద్యులు మొదట వివరించినది 1937 లో, నాటి నెల్లూరు జిల్లాయందే. పేస్టులోని ఫ్లోరైడు పంటి పైపొరను తాకి గట్టిపఱచును, అది మేలు. త్రాగునీటితో అధికముగా లోపలికి పోయిన ఫ్లోరైడు చిగురులోపల తయారగుచున్న స్థిరదంతములను చెఱచును, అది కీడు. పుట్టినది మొదలు ఎనిమిదేండ్ల వఱకు, అనగా పాలపండ్లు నోటిలోనున్న కాలముననే, ఈ నష్టము జరుగును. పన్ను బయటకు వచ్చినప్పుడు సుద్దమచ్చలును గోధుమరంగు చారలును కనబడును. అప్పుడు నీరు మార్చినను ఆ మచ్చ పోదు.

లీటరు త్రాగునీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదనియు, వేఱు నీరు లేనిచో 1.5 వఱకు సహింపవచ్చుననియు భారత ప్రమాణము. నీరు కాచినందున ఫ్లోరైడు పోదు. పటిక, సున్నము కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపు "నల్లగొండ పద్ధతి" మన నేలపేరనే ప్రసిద్ధమైనది. కాని ఆ పాళ్లు నీటి పరీక్షననుసరించి తెలిసినవారు నిర్ణయింపవలసినవి. క్రొత్త బోరు వేసినచోట నీటిని పరీక్ష చేయించి, ఫ్లోరైడు ఎక్కువగానున్నచో ఆ నీటిని పైరుకు విడిచి, పిల్లలకు రక్షిత జలమునే త్రాగింపవలెను. అట్టి గ్రామములవారు పిల్లల పేస్టు విషయమున దంతవైద్యుని అడిగి నడుచుకొనుట మంచిది.

ఆఱేండ్ల దవడపన్ను

ఇది ప్రతి యింటను తెలిసికొనవలసిన సంగతి. ఆఱవ యేట, పాలపండ్లేవియు ఊడకయే, చివరి దవడపంటి వెనుక నొక పెద్ద పన్ను మొలచును. దవడకు రెండు చొప్పున మొత్తము నాలుగు. ఇవి పాలపండ్లు కావు, జీవితాంతముండవలసిన స్థిరదంతములు. ఏ పన్నును ఊడకుండ వచ్చుటచే తల్లిదండ్రులు వీనిని పాలపండ్లుగానే భావించి ఉపేక్షింతురు. పుచ్చిన పిమ్మట "మరల వచ్చును" అని పీకింతురు. అవి మరల రావు. నమలుటకు మూలస్తంభములైన పండ్లు పదేండ్లకే పోయినవారు మన ఊళ్లలో నెందఱో గలరు. వీనిపై లోతైన గాడులుండును. అన్నము అందు చిక్కును. దంతవైద్యుడు ఆ గాడులను పూతతో మూసినచో పుచ్చు రాకుండ చాలవఱకు కాపాడవచ్చును. పిల్లవానికి ఆఱేండ్లు నిండగానే ఈ నాలుగు పండ్లను చూపింపవలెను.

పుచ్చిన తరువాత

పుచ్చినను నిరాశపడనక్కఱలేదు. చిన్న గుంటను పూడ్పింపవచ్చును. వెండియు ఫ్లోరైడును కలిసిన యొక ద్రావణమును గుంటపై పూసి పుచ్చును నిలుపు పద్ధతి నేడు గలదు. సూది లేదు, తొలుచు యంత్రము లేదు, పసివారు బెదరరు. పూసినచోట పన్ను నల్లబడును, అంతే. 2021 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని అత్యావశ్యక ఔషధముల పట్టికలో చేర్చినది. పుచ్చు లోతుగా దిగినచో గుజ్జుకు చికిత్స చేసి పంటికి తొడుగు వేయుదురు. పీకక తప్పనిచో ఆ ఖాళీ చోటును నిలుపు కమ్మి అవసరమా యని వైద్యుని అడుగవలెను.

చిగురుపై చీముపొక్కు లేచినచో వెంటనే చూపింపవలెను. ముఖము వాచి, జ్వరము వచ్చి, నోరు తెఱచుటకో మ్రింగుటకో కష్టమైనచో అది పంటినొప్పి కాదు, ప్రాణాపాయము. ఆ పూటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. నొప్పిపంటిపై ఆస్పిరిను బిళ్ల నొక్కిపెట్టరాదు, చిగురు కాలును.

పిల్లవాడు పడి పన్ను ఊడినప్పుడు, అది పాలపన్నైనచో మరల గుచ్చరాదు. లోపలి మొలక చెడును. స్థిరదంతమైనచో వేరును తాకక, పైభాగమును పట్టుకొని, మట్టియున్న యెడల పాలతోనో మంచినీటితోనో క్షణకాలము కడిగి తిరిగి చోటున నుంచవలెను. లేదా పాలలో వేసి అరగంటలో వైద్యునికడకు చేర్పవలెను.

ఎక్కడికి పోవలెను? సంఘము ఏమి చేయవచ్చును?

2013 లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందము అంగన్‌వాడి పిల్లలను ఏటికి రెండుమార్లును, ప్రభుత్వ పాఠశాలల పిల్లలను ఏటికొకమారును పరీక్షింపవలసియున్నది. ఆ పరీక్షలో పండ్ల జబ్బులును చేరియున్నవి. బృందము వచ్చు దినమును అంగన్‌వాడి కార్యకర్తను అడిగి తెలిసికొని, ఆ దినమున పిల్లవానిని పొలమునకు తీసికొనిపోక కేంద్రమునకు పంపవలెను. హైదరాబాదు, విజయవాడ, కడప నగరములలో ప్రభుత్వ దంతవైద్య కళాశాలల ఆసుపత్రులు గలవు.

ఒక్కొక్క రైతు పట్టణమునకు పోయి దంతవైద్యుని చూచుటకు కూలి, బస్సు ఖర్చు, దినము నష్టము. పదిమంది కూడినచో వైద్యునే ఊరికి రప్పింపవచ్చును. సహకారమనగా ఇదియే కదా. ఎరువుల పంపిణీకి సభ్యులందఱును సంఘ కార్యాలయమునకు వచ్చు దినములలో ఒకదానిని పిల్లల పండ్ల పరీక్షకు నియమించి, సమీపమునందలి దంతకళాశాలకు వ్రాసినచో శిబిరము జరుపుటకు వారిని రప్పింపవచ్చును. ఈ విషయమును రాబోవు సభలో చర్చింపుడు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

1. మొదటి పన్ను కనబడిననాడే తోముట ఆరంభింపుడు. రాత్రి తోముట మానకుడు.
2. పాలసీసాతో నిద్రపుచ్చకుడు.
3. తీపిని భోజనముతో పెట్టుడు, నడుమ పెట్టకుడు.
4. నెలకొకసారి పెదవి నెత్తి తెల్లమచ్చలకై చూడుడు.
5. మొదటి పుట్టినరోజునాటికి ఒకసారి దంతవైద్యునికి చూపుడు.
6. ఆఱేండ్ల దవడపన్ను పాలపన్ను కాదు.
7. విరేచనములను పంటిమీద నెట్టకుడు.

పెద్దలు "మొక్కై వంగనిది మానై వంగునా" అనిరి. పండ్లు తోముకొను అలవాటును అట్టిదే. పాలపండ్లనాడు నేర్చినవాడు ముసలితనమునను చెఱకుగడను తన పండ్లతోనే చీల్చి తినగలడు. పిల్లలకు మనమిచ్చు ఆస్తులలో పొలము పంపకములకు లోబడును, ధనము వ్యయమగును. మంచి పలువరుస మాత్రము ఎవరిది వారికే యుండును. దానికి కావలసినది దినమునకు నాలుగు నిమిషముల కాలమును, బియ్యపుగింజంత పేస్టును మాత్రమే.